దించుకోని పాట

గత వారం మా బావ మనవరాలిని ఉయ్యాలలో వేశారు. బావ అంటే మా మేనత్త కొడుకు. ఆడవాళ్లు తలో పాటా అందుకున్నాక, ఒక పెద్దావిడ మా అత్తయ్య పాడే జోలపాట ఏదని అడిగింది. బావ గొంతు సవరించుకుని రెండు చరణాలు పాడి, మూడోది తట్టక ఆగిపోయాడు. "ఇంకెక్కడి పాట? ఆ పాటల సైటుతోపాటే ముంచేసేడు కదా ఈ బావ," అన్నారెవరో. అందరూ నవ్వారు, బావతో సహా. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముంచింది బావ కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇరవయ్యేళ్ల కిందట అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టుకు వెళ్లే దారిలో ఒక మేడమీది గదిలో మేమిద్దరం నెట్‌లో పాటలు వినిపించే సైటు నడిపాం. ఫోన్లలోకి పాటలు ఇంకా రాని రోజులు. బెల్లం వాసనకి అలవాటుపడ్డ చీమలు కీబోర్డులోకి కూడా దూరేవి. బావ దాన్ని బోర్లించి దులిపితేగాని పని మొదలయ్యేది కాదు. ఆయన రావికమతం వైపు ఊళ్లు తిరిగి నాట్ల పాటలు, పెళ్లి పాటలు క్యాసెట్ మీద పట్టుకొచ్చేవాడు. నేను నెట్‌లోకి ఎక్కించేవాణ్ణి. మంచి క్యాసెట్లు రెండే ఉండేవి కనుక, ఎక్కిన పాట మీదే ఇంకో పాట రికార్డు చేసేవాళ్లం. గల్ఫ్‌లో పనిచేసే నక్కపల్లి ఆయన ఒకడు, మా అమ్మ పక్కన కూచున్నట్టుంది అని ఉత్తరం రాస్తే, బావ దాన్ని గోడకి అంటించి వచ్చినవాళ్లందరిచేతా చదివించాడు.

అత్తయ్య చేత పాడించిన రోజు ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట ఆపమంటే, ఆపితే పాట రాదంది. చివర్లో "అయిపోనాదేటి? లేవనా?" అని అడగడం కూడా రికార్డయింది. తీసేయబోతే బావ వద్దన్నాడు. మా సైట్లో వినడమే తప్ప, పాటను తమ కంప్యూటర్లోకి దించుకోవడం లేదు. దించుకుంటే మళ్లీ ఎవరొస్తారన్నది నా తెలివి. "ఎక్కించేవు, బాగుంది బావా. అమ్మ పాట ఒక్కటీ నాకు దించి ఇత్తావేటి?" అన్నాడు బావ. నెట్‌లోకి ఎక్కింది ఎక్కడికి పోతుందని నవ్వి, ఆ క్యాసెట్ మీద ఎవరిదో పెళ్లిపాట పట్టేశాను.

తరవాత పెద్ద కంపెనీలు ఫోన్లలోకి పాటలు తెచ్చాయి. మాకు వినేవాళ్లు తగ్గారు. నేను విశాఖలో ఉద్యోగంలో చేరాను. అత్తయ్య చనిపోయిన ఏడాదే, మా సైటును తన కంప్యూటర్లలో ఉంచిన కంపెనీ తనూ మూసేస్తున్నానని, నెల్లోగా మా పాటలు తీసుకోమని మెయిలు పంపింది. చదివాను. ఆదివారం చూద్దామనుకున్నాను. ఆ నెలలో ఆదివారాలన్నీ అలాగే అయిపోయాయి. చుట్టాలు అడిగితే, బావ గడువు చూసుకోలేదని చెప్పేశాను.

ఉయ్యాల రోజు భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే దగ్గర బావకి ఇదంతా చెప్పాను. తువ్వాలు అందిస్తూ, "తెలుసు బావా. మనిద్దరికీ మెయిలొకటే కదా. నెట్ సెంటర్లో సదివించుకున్నాను. అప్పటికే గడువు దాటిపోనాది," అన్నాడు. మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే అమ్మ పాట వత్తాదేటి? నువ్వు కూడా రావడం మానేద్దువు."

అత్తయ్య గొంతు ఇప్పుడు నాకు సరిగా గుర్తు రావడం లేదు. చేట చప్పుడు గుర్తుంది, ఆ మాటా గుర్తుంది. అయిపోయిందా, లేవనా అని ఆవిడ అడిగింది. కాలం అలా అడిగి లేవదు.