పంజా బాబాయ్

నగరంలోని ఇళ్ల చెత్తతో కరెంటు తీసే ప్లాంటులో, చెత్త గుంతకు పైన అద్దాల గదిలో కూర్చుని క్రేను నడిపే మనిషిని అందరూ పంజా బాబాయ్ అంటారు. చెప్పులు విప్పి, కుర్చీలో బాసింపట్టు వేసుకుంటాడు. క్రేను ఇనుప పంజాతో తడి చెత్తనూ పొడి చెత్తనూ బాగా కలిపి, "రా తల్లీ, చక్కగా మండాలి" అని బుజ్జగిస్తూ కొలిమిలోకి వదులుతాడు. ఇంటికెళ్లాక రెండుసార్లు సబ్బు రుద్దుకుంటే గానీ మనవరాలిని ఎత్తుకోడు.

మొన్న పంజా దించబోతుంటే, గుంతలో పాత పరుపు మీద పిల్లికూన కనిపించింది. చెయ్యి ఆగిపోయింది. ఫోన్లో ఇంజనీరు కేకలేశాడు.

"కొలిమి చల్లబడుతోంది, చెత్త వెయ్ బాబాయ్!"

"ఆగవయ్యా, ఇక్కడో ప్రాణముంది."

టన్నుల బరువెత్తే ఆ పంజాతో పరుపు అంచును మెల్లగా పట్టి, ఊపిరి బిగబట్టి, కూనతో సహా గట్టు మీదికి చేర్చాడు. అది ఒళ్లు విదుల్చుకుని, వెనక్కి తిరిగైనా చూడకుండా పరిగెత్తింది. "పొగరు చూడు దీనికి!" అని నవ్వాడు. గబగబా కొలిమి నింపి, ఇంటికి ఫోన్ చేసి భార్యను అడిగాడు.

"ఏమేవ్, కరెంటుందా?"

"ఉందిగా. ఏం?"

"ఏం లేదులే. ఫ్యాను కింద కాసేపు నడుం వాల్చు."