పర్సిమన్ పళ్ళు పంచిన కార్తీక సోమవారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎంత తెలియకపోతే అంత ధీమాగా మాట్లాడేదాన్ని. ఎమ్మెస్ పూర్తిచేసి, కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఆరు నెలల కాంట్రాక్టు మీద మొదటి ఉద్యోగం చేస్తున్నాను. వరంగల్ ఆంటీ ఒకరింట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ పెరట్లో పర్సిమన్ చెట్టు ఉండేది. అక్టోబరు వచ్చేసరికి ఆకులకన్నా కాయలే ఎక్కువ కనిపించేవి, కొన తేలిన పెద్ద టమాటాల్లా, నారింజ రంగులో. ఆంటీ దీపావళికి ఇండియా వెళ్తూ, "చెట్టుకు నీళ్ళు పెట్టు బిడ్డా. పండ్లు మాత్రం నేనొచ్చేదాక ముట్టకు, వాటి సంగతి నీకు తెల్వది" అన్నారు. నాకు తెలియకపోవడమేమిటని లోపల నవ్వుకున్నాను. (నూజివీడు దగ్గర మా తాతగారికి మామిడితోట ఉండేది. అందులో నేను చేసిన పనల్లా నీడన పడుకోవడమే అయినా, పళ్ళ విద్య రక్తంలో ఉందని నా నమ్మకం.)

కాంట్రాక్టు ముగింపుకొచ్చింది. నన్ను పర్మనెంట్ చేసి వీసా ఫైల్ చేయాలో వద్దో మా పొడుగు మేనేజర్ తేల్చాలి. అందుకోసమే కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాను. సరిగ్గా ఒక సోమవారం క్లయింటు వాళ్ళకి డెమో పడింది. మంచిమాట ఒకటి సంపాదించుకుందామని ముందురోజు నిచ్చెన వేసుకుని ముప్పై కాయలు కోశాను. రాళ్ళలా ఉన్నాయి. మంచి పండు గట్టిగానే ఉంటుందని తీర్మానించేసి, పొద్దున్నే ముక్కలు కోసి, జామకాయకు చల్లినట్టు ఉప్పూ కారం చల్లాను. నేను మాత్రం రుచి చూడలేదు. నక్షత్రాలు కనిపించేదాకా నోట్లో ఏమీ వేసుకోకూడదు కదా.

"మా పెరటి పళ్ళు" అంటూ ప్లేటు అందించాను. (పెరడు ఆంటీది.) మేనేజరూ, క్లయింటు తరఫున వచ్చిన ఒక పెద్దావిడా, ఒక కుర్రాయనా మర్యాదగా తలో ముక్క నోట్లో వేసుకున్నారు. నమలడం మొదలైంది. ఆగింది. ఆస్వాదిస్తున్నారనుకుని, "ఎలా ఉంది?" అని అడిగాను. పెద్దావిడ కాగితం గ్లాసులోకి మొహం దాచుకుంది. కుర్రాయన కాఫీ తాగి, ఇంకా దిగాలుగా చూశాడు. "నాలుక ఎక్కడుందో తెలియడం లేదు" అన్నాడు ఎలాగో. మనకైతే వగరు అని ఒక్క మాట చాలు. పాపం వాళ్ళు ముగ్గురూ మొహాలతోనే చెప్పాల్సి వచ్చింది.

నా వీసా, ఉద్యోగం అన్నీ ఆ ప్లేటులోనే పోయాయనుకున్నాను. మేనేజర్ మాట్లాడబోయి దగ్గు తెరలో చిక్కుకున్నాడు. చివరికి ల్యాప్‌టాప్‌ని నా వైపు తోసి, చేత్తో సైగ చేశాడు, నువ్వే కానివ్వమని. ఆ గదిలో పనిచేస్తున్న నోరు నాదొక్కటే మరి. ఆ స్క్రీన్లన్నీ నేను రాసినవే. లేచి నిలబడ్డాను. ఖాళీ కడుపుతో నలభై నిమిషాలు ఎక్కడా తడబడకుండా చెప్పాను. గొంతు కాస్త సర్దుకున్నాక పెద్దావిడ వేసిన రెండు ప్రశ్నలకూ జవాబిచ్చాను.

సాయంత్రం మేనేజర్ పిలిచాడు. "వాళ్ళకి నచ్చింది. వచ్చే డెమో కూడా నువ్వే చెయ్యి" అన్నాడు. నేను తలుపు దాకా వెళ్ళాక, "పళ్ళు వద్దు" అన్నాడు. మరుసటి వారం నా వీసా కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఆంటీకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"అవి మెత్తగ కావాలె బిడ్డా. వేలు పెడితే లోపలికి పోవాలె. ముట్టకన్న గద."

"డెమో బాగా అయిందాంటీ."

"గది సరే. ఆళ్ళ నోర్లు ఎట్లున్నయి?" అని అవతల పడీపడీ నవ్వారు.

మిగిలిన కాయల్ని కిటికీ గట్టు మీద వరసగా పెట్టాను. మూడు వారాలకు అవి మెత్తబడి, తోలు పలచనై, బెల్లప్పాకం నింపిన సంచుల్లా తయారయ్యాయి. సింకు దగ్గర నిలబడి చెంచాతో ఒకటి తిన్నాను. వెంటనే ఇంకొకటి తిన్నాను. రెండు పళ్ళు మేనేజర్‌కి తీసుకెళ్తే, ముందు నన్ను తినమని, నా మొహం ఐదు నిమిషాలు గమనించి, అప్పుడు చెంచా అందుకున్నాడు.

ఇప్పుడు నాకూ సొంత పెరడుంది, చెట్టుంది. ప్రతి పండునీ పదిసార్లు నొక్కి చూసుకుంటాను, ప్రతి డెమోనూ పదిసార్లు చదువుకుని వెళ్తాను. ఆనాటి ఆ పిల్ల ఇవాళ నా ఎదురుగా ఇంటర్వ్యూకి వచ్చి కూర్చుంటే, ఆమె ఇచ్చింది ఏదీ నోట్లో పెట్టుకోను గానీ, ఉద్యోగం మాత్రం ఇచ్చేస్తాను.