కుట్టించిన పుస్తకంలో ఏనుగు

భిలాయిలో చరిత్ర పాఠాలు చెప్పే దక్షిణామూర్తి మేష్టారు ఉడుక్కున్న రోజున, బ్లాస్టు ఫర్నేసుకి బొగ్గు అక్కర్లేకపోయేదని అక్కడి ఉక్కు ప్లాంటులో చెప్పుకునేవారు. పూర్తిగా నమ్మక్కర్లేదు, సగం నమ్మితే చాలు.

ఆ ఉడుకంతా సూర్యారావు మీదే. సూర్యారావు రోలింగ్ మిల్లులో ఇంజినీరు. డెబ్భైల చివర్లో ఇద్దరూ ఒకే తెలుగు వారపత్రికకి చరిత్ర వ్యాసాలు రాసేవారు. మేష్టారు ఎండనపడి రతన్‌పూర్ దాకా వెళ్లి, శాసనాలు చదివి, కలచురి రాజులు ఏ ఊరు ఎవరికి దానమిచ్చారో రాసేవాడు. సూర్యారావు ఇంట్లో మడతకుర్చీ దిగకుండా, ఏ రాణి అలిగి ముక్కుపుడక ఏ నదిలో విసిరిందో రాసేవాడు.

నచ్చిన పేజీలు కత్తిరించి దాచి, ఏడాదికోసారి పుస్తకంగా కుట్టించుకోవడం అక్కడి తెలుగు ఆడవాళ్ల అలవాటు. మిగిలిన కాగితాలన్నీ క్యాంప్ 2 బస్తీలో పోలయ్య బజ్జీల కొట్టుకి పోయేవి. మేష్టారు రోజూ సాయంత్రం అక్కడికెళ్లి బజ్జీలు కొని, పొట్లం విప్పి చూసుకునేవాడు. తన వ్యాసమే! ఎప్పుడూ తనదే! సూర్యారావు పేజీకి నూనె మరకంటే ఏమిటో తెలియదు.

“ఏమే, నా పేజీలు కూడా కుట్టిస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాడొకనాడు భార్యతో.

కనకలత సూర్యారావు పేజీ చుట్టూ కత్తెర ముద్దుగా నడుపుతోంది. “కుట్టించాక చదవాలి కదండీ! మీ రాజులు పొద్దస్తమానం దానాలే చేస్తారు. ఒక్కడైనా పెళ్లాంతో మాట్లాడడు.”

మేష్టారికి ఒళ్లు మండింది. ఆ పుస్తకంలోకి ఎలాగైనా ఎక్కాలనుకున్నాడు. పెన్ను తీసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, శాసనం లేని కథ రాశాడు. పులిహోర పెట్టందే శివనాథ్ నది దాటనన్న పట్టపుటేనుగు, దాని కాళ్లావేళ్లా పడ్డ మహారాజు.

అచ్చయింది. పక్క క్వార్టరు మణిమాల పైకి చదువుతుంటే ఆడవాళ్లు పొట్టలు పట్టుకు నవ్వారు. తలుపు చాటున నిలబడ్డ మేష్టారికి కత్తెర చప్పుడు సన్నాయిలా వినిపించింది.

ఏడాది చివర పుస్తకం కుట్టించి తెచ్చారు. ఏనుగు దర్జాగా మధ్యలో ఉంది. అట్ట మీద బంగారు రంగులో ఒకే పేరు: సూర్యారావు.

“ఏటండీ ఆయన మంచి మనసు!” అంది మణిమాల. “ఆ ఏనుగు కథ తనే రాసి మీ పేరు వేయించేరట కదా.”

“ఎవడు కూశాడు?”

“అందరూ అంటున్నారు. ఆయన్నే అడిగేం. కాదన్లేదు. నవ్వి ఊరుకున్నారు.”

“అది నేనే రాశాను!”

“మీరా?” కనకలత కళ్లు పెద్దవి చేసింది. “అయితే చెప్పండి, ఆ ఏనుగు ఏ శాసనంలో ఉంది?”

మేష్టారు నోరు తెరిచాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి ఆధారం లేనిది చరిత్ర కాదని చెప్పిన నోరది. మళ్లీ మూసుకుని, చెప్పులేసుకుని క్యాంప్ 2 కి నడిచాడు.

పొట్లం విప్పితే రతన్‌పూర్ వ్యాసం, మొదటి పేజీ. కింద తన పేరు లేకపోయినా ఆ మాటలు తనవి కావని ఎవరూ అనరు. నిలబడే చివరి వాక్యం దాకా చదివాడు. బజ్జీలు చల్లారిపోయాయి.

“ఏటి మేష్టారూ, బాగోలేదా?”

“బాగుందిరా పోలయ్యా. ఇంకో పొట్లం కట్టు. రెండో పేజీ దొరుకుతుందేమో చూడు.”