చిక్కుడుపాదులో గుర్రం: ఆల్బనీ ప్రయాణం

ఎనభై నాలుగు ఏప్రిల్‌లో ఆల్బనీలోని ఒక కాలేజీలో మధ్యయుగపు ఇంగ్లీషు కవిత్వం మీద సభ జరిగింది. అక్కడ నేను పేపర్ చదవాలి. గుంటూరులో పదకొండేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ముప్పై ఎనిమిదో ఏట ఈ దేశం వచ్చి పిస్కాటవేలో మళ్లీ విద్యార్థినయ్యాను. ఈ పేపర్ బాగుంటేనే థీసిస్‌కి ఒప్పుకుంటానని మా ప్రొఫెసర్ ముందే చెప్పాడు. ఆయనా ఆ సభకి వస్తున్నాడు.

ఉదయం ఆరున్నరకి మా ఆవిడ విమల నన్ను న్యూ బ్రన్స్‌విక్ స్టేషన్‌లో దింపింది. మా తెలుగు చర్చిలో పరిచయమైనవాళ్ల అమ్మాయి రూత్ కూడా ఆల్బనీలో స్నేహితురాలి దగ్గరికి వెళ్తూ తోడైంది. నాలుగో ఏట వచ్చి ఇక్కడే పెరిగిన పిల్ల, కాలేజీలో రెండో ఏడు. ఏడున్నరకి పెన్ స్టేషన్‌లో దిగాం. ఆల్బనీ రైలు అక్కడ ఎక్కరు, ఊళ్లోనే ఇంకో స్టేషన్, గ్రాండ్ సెంట్రల్‌లో ఎక్కాలి. అది తెలియక ఇరవై నిమిషాలు బోర్డుల కింద తిరిగాం. సబ్‌వే రైల్లో పడి, పావు తక్కువ తొమ్మిది రైలు ఎలాగో అందుకున్నాం. వెళ్లేవాళ్లు ఎడమ పక్కన కూర్చోండి, హడ్సన్ నది దారంతా కిటికీ పక్కనే వస్తుంది.

నేను మాత్రం నది చూడలేదు. విమల కట్టిచ్చిన పులిహోర తింటూ రూత్‌కి నా పద్యం కథ చెప్పాను. రాసిందెవరో తెలియదు. ఒక వీరుడు గుర్రమెక్కి ఒకామె పెరట్లోకి వస్తాడు. నలభై పంక్తుల్లో ఆమె అందాన్ని పొగుడుతాడు, ఒప్పుకోకపోతే చచ్చిపోతానంటాడు. ఆమె ఒక్క మాటే అంటుంది: "అయ్యా, మీ గుర్రం నా చిక్కుడుపాదులో నిలబడింది."

రూత్ పకపకా నవ్వింది.

"నవ్వుతావేంటమ్మా? ఆమె ముగ్ధ. సిగ్గుపడి మాట మార్చింది. మన కావ్యాల్లో నాయికలు ఇట్లాగే చేస్తారు. నా పేపరంతా అదే."

"సిగ్గు ఎక్కడుంది అంకుల్? షి ఈజ్ మ్యాడ్, కోపమొచ్చింది. అతన్ని పొమ్మంటుంది. పోయెట్ కూడా ఆ వీరుణ్ని టీజ్ చేస్తున్నాడు కదా?"

"నీకు తెలీదులే."

అన్నానే గానీ పులిహోర డబ్బా మూసేశాను. పద్యం తీసి మళ్లీ చదివాను. పది పంక్తులకోసారి గుర్రం ఏం నములుతోందో కవి చెబుతూనే ఉన్నాడు. గుంటూరులో పరీక్షకి రావని ఆ పంక్తులను ఏటేటా పిల్లలచేత కొట్టేయించింది నేనే. ప్రేమకావ్యాల తీరునే ఈ కవి వెక్కిరిస్తున్నాడా, లేక ఈ కాలపు అమ్మాయికి అలా తోస్తోందా? ఎటూ తేలలేదు. భయం వేసింది.

పదకొండుంబావుకి దిగాం. స్టేషన్ ఆల్బనీలో లేదు, నదికి ఇవతలి గట్టున ఉంది. రూత్ స్నేహితురాలు కారు తెచ్చి నన్ను కాలేజీ దగ్గర దింపింది. మధ్యాహ్నం సభవాళ్లు పెట్టిన శాండ్‌విచ్ సగం వదిలేశాను.

రెండు గంటలకి నా వంతు. ముందు పద్యం చదివాను. చిక్కుడుపాదు మాటకి హాలంతా గొల్లున నవ్వింది. చేతిలో ముగ్ధ గురించి పన్నెండు పేజీలున్నాయి. "ఇవి పొద్దున దాకా నమ్మాను, ఇప్పుడు నమ్మకం లేదు" అని చెప్పి, వేరే దారి లేక అవే చదివేశాను. చివర ఒక ముసలావిడ చేయెత్తింది.

"ఆమె సిగ్గుపడిందని కవి ఎక్కడ చెప్పాడు?"

"ఎక్కడా చెప్పలేదు. నేనే చెప్పాను."

బయట ప్రొఫెసర్ నా భుజం తట్టి, "మొదటినుంచి మళ్లీ రాయి" అన్నాడు. అది అనుమతో శిక్షో నాకు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

నాలుగింటి రైలుకి ఒక్కడినే తిరిగొచ్చాను. ఆల్బనీ అందమైన ఊరంటారు. నేను చూసింది ఒక హాలు, నవ్వుతున్న మొహాలు.

ఎనిమిదింటికి న్యూ బ్రన్స్‌విక్‌లో విమల కారుతో ఉంది. దారిలో అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎందుకో అడిగేశాను.

"పెళ్లిచూపుల్లో నువ్వు డిగ్రీ అయ్యేదాకా పెళ్లి వద్దన్నావు. సిగ్గుపడుతోందని మీ పిన్ని నవ్వింది, నేనూ నవ్వాను. అది సిగ్గేనా?"

విమల రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఇంక ఒక్క ఏడాదే ఉందని కూడా చెప్పానండీ. అప్పటికే మీరు కాఫీ బాగుందంటున్నారు."