తెల్ల డబ్బాలు

మాదాపూర్‌లో ఒక ఆఫీసులో నేలలు తుడిచే పని నాది. చదువు రాకపోయినా డబ్బాల రంగు చూసి మందు గుర్తుపట్టేదాన్ని. ఎర్రది బాత్రూములకు వాడే యాసిడ్, పచ్చది నేలకు. మా సూపర్‌వైజరమ్మాయిది కాకినాడ వైపు. "పెద్దమ్మగారూ, లంచ్‌లో పది నిమిషాలు కూర్చోండి, అక్షరాలు నేర్పుతాను" అని చాలాసార్లు అడిగింది.

"రంగులతోనే పదేండ్లు ఎళ్లదీసిన. ఇగ నాకెందుకు బిడ్డా?" అని నవ్వేదాన్ని. నిజానికి అది బద్ధకం.

ఒక సోమవారం స్టోరులోకి అన్నీ తెల్ల డబ్బాలే వచ్చాయి. వాసన చూద్దామంటే జలుబు. ఆ పిల్లని అడగడానికి నామోషీ. ఒక డబ్బా తీసుకెళ్లి లిఫ్టు ముందు పాలరాతి మీద వొంపాను. రాయి బుసబుసా పొంగింది. గొంతు మండింది. అంతలో లిఫ్టు తెరుచుకుని, ఫోన్ చూసుకుంటూ ఒకమ్మాయి కాలు బయట పెట్టబోయింది.

"ఆగు బిడ్డా" అని కర్ర అడ్డం పెట్టాను.

సూపర్‌వైజరమ్మాయి పరుగెత్తుకొచ్చి నీళ్లు కుమ్మరించింది. "ఏ డబ్బా అండీ?"

"నాకేమెరుక. అన్నీ తెల్లగనే ఉన్నయి."

ఆమె తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఆ మధ్యాహ్నమే పెన్సిల్ పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను.

ఇప్పుడు ఆమె అంటించిన చీటీ మీద 'నేల' అని చదువుతాను. అయినా మూత తీయగానే లిఫ్టు ముందు మిగిలిన ఆ మచ్చ మీద ఒక చుక్క వేస్తాను. పొంగకపోతేనే పని మొదలుపెడతాను.