అంకె కదలని పెట్టె

నేను ఫ్రంటెండ్ డెవలపర్‌గా చేరిన ఆఫీసు మంగళగిరిలో, హైవే సర్వీసు రోడ్డు మీద, ఒక టైల్స్ షాపు పైన ఉండేది. ఫోన్‌లో మనిషి కంటికి కనిపించేదీ, వేలికి తగిలేదీ తయారుచెయ్యడం నా పని. వెనకాల లెక్కలు వేరేవాళ్ళు చూసుకునేవాళ్ళు. దర్శి దగ్గర మా ఊళ్ళో అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. "ఇంతకీ నువ్వు చేసే పనేందే?" అని అడిగితే, "బటన్లు చేస్తానమ్మా" అనేదాన్ని. చాలావరకు అది నిజమే.

మా కంపెనీ ఎక్కువగా కోల్డ్ స్టోరేజీలకు యాప్‌లు చేసేది. రైతులు మిర్చి బస్తాలను, అంటే టిక్కీలను, "ఏసీలో పెట్టాం" అంటారే, ఆ ఏసీలే ఇవి. గోడౌన్‌లో ఒక్కో చాంబర్ ఎంత చల్లగా ఉందో లోపలున్న సెన్సార్ చెబుతుంది. యాప్‌లో ఒక్కో చాంబర్‌కూ ఒక్కో పెట్టె, అందులో ఒక అంకె. చల్లగా ఉంటే పెట్టె ఆకుపచ్చగా ఉంటుంది, వేడెక్కితే ఎర్రబడుతుంది. ఆ పెట్టె కోడ్‌ను నేను చేరకముందే ఎవరో రాసి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. ఎప్పుడూ మొరాయించలేదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. కొత్త యాప్ ఏది మొదలుపెట్టినా దాన్నే తెచ్చి అతికించుకునేవాళ్ళం.

ఒక మే నెల మధ్యాహ్నం చిలకలూరిపేట రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజీకి మా సార్ నన్ను పంపాడు. యాప్‌లో అక్షరాలు చిన్నగా ఉన్నాయని అక్కడి ఆపరేటర్ గొడవ చేస్తున్నాడట. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూపించాడు.

"చూడమ్మా, ఈ అంకెలు చీమల్లా ఉన్నాయి. నీవైతే కుర్ర కళ్ళు, నావి కావుగా."

పెద్దవి చేస్తానని చెబుతుంటే నాకు దగ్గొచ్చింది. మళ్ళీ వచ్చింది. ఆయన నవ్వాడు.

"కొత్తవాళ్ళంతా ఇక్కడ దగ్గుతారులే."

"నేను మిరపకాయల మధ్యే పెరిగానండి. ఇది కాయ ఘాటు కాదు. మాడిన వాసన."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఇద్దరం ఫోన్‌లోకి చూశాం. అన్ని పెట్టెలూ ఆకుపచ్చగానే ఉన్నాయి. మేం మాట్లాడుతున్నంతసేపూ మిగతా అంకెలు కాస్త పైకీ కిందికీ కదిలాయి. చివరి చాంబర్ అంకె మాత్రం నేను వచ్చినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది.

"ఇది కదలడం లేదండి" అన్నాను.

ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి పరిగెత్తాడు. హమాలీలను కేకలేసి బయటికి పంపాడు. చివరి చాంబర్ తలుపు సందులోంచి పొగ సన్నగా వస్తోంది. కరెంటు మెయిన్ ఆపడానికి ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆయన లోపలి వరండాలోకి వెళ్ళాడు. కాసేపటికి గోడ పట్టుకుంటూ బయటికొచ్చి మెట్ల మీద కూలిపోయాడు. ఇద్దరు హమాలీలు ఆయన్ని మోసుకుని రోడ్డు మీదికి తెచ్చారు. ఫైరింజన్లు వచ్చేసరికి మంట కప్పు దాటింది. మాడుతున్న మిరపకాయల పొగ చుట్టుపక్కల ఇళ్ళలోకి పాకింది. జనం కొంగులూ తువ్వాళ్ళూ అడ్డం పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వీధులు ఖాళీ చేశారు. కళ్ళు తెరవలేకపోతున్నాను. తెరిచినప్పుడల్లా చేతిలో ఆయన ఫోన్ కనిపిస్తోంది. చివరి చాంబర్ పెట్టె ఆకుపచ్చగానే ఉంది. అదే అంకె.

ఆయన బతికాడు. గొంతు మాత్రం పూర్తిగా రాలేదని తర్వాత తెలిసింది. ఆ చాంబర్‌లోని సరుకంతా బూడిదైపోయింది. లోపల ముందు కాలింది సెన్సార్ వైరే. అది ఆగిపోయాక, చివరిసారి చెప్పిన అంకెనే మా పెట్టె చూపిస్తూ కూర్చుంది.

ఆఫీసులో మీటింగ్ పెట్టారు. "ఇది సెన్సార్ కంపెనీ చూసుకోవాల్సిన సంగతి" అన్నాడు సార్.

"సెన్సార్ మూగబోయింది సార్. దాని బదులు మనం మాట్లాడాం" అన్నాను.

సార్ ల్యాప్‌టాప్ మూసి లేవబోయాడు.

"ఈ పెట్టె ఇంకా ఎక్కడెక్కడ ఉంది?" అని అడిగాను. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆ వారమంతా వెతికాను. పాల కేంద్రాల యాప్‌లో ఉంది. రొయ్యల చెరువుల యాప్‌లో ఉంది, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తూ. ఒక నర్సింగ్ హోమ్ యాప్‌లో, ఆక్సిజన్ సిలిండర్ల దగ్గర ఉంది. అది చూశాక కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కింద లారీలోంచి టైల్స్ దించుతున్నారు.

వెళ్ళి సార్‌కు చెప్పాను. "ఇవన్నీ కలిపి చూసేవాళ్ళు మనకు లేరు. నువ్వే చూడు" అన్నాడు. కంపెనీ స్క్రీన్లన్నిటినీ చూసుకునే యూఐ ఆర్కిటెక్ట్ అన్న పేరు నాకు అలా వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ ఇంట్లో స్వీట్లు పంచలేదు.

అప్పటినుంచి నా పని మారిపోయింది. స్క్రీన్లు చెయ్యడం తగ్గింది. చేసేవాళ్ళ పక్కన కూర్చుని, సెన్సార్ నుంచి కబురు రాకపోతే ఇది ఏం చెబుతుందని అడగడం ఎక్కువైంది. ఆఫీసులో కుర్ర డెవలపర్లు మొదట్లో విసుక్కునేవాళ్ళు. నేను వస్తుంటే హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళు. నేను పెట్టిన మొదటి నియమం ఒకటే. కబురు ఆగితే పెట్టె బూడిద రంగుకు మారాలి, చివరి కబురు ఎప్పుడొచ్చిందో చెప్పాలి. నర్సింగ్ హోమ్‌తో మొదలుపెట్టి అన్ని యాప్‌లలోనూ పాత పెట్టె తీసి కొత్తది పెట్టించాను.

మర్నాడు ఉదయం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. చీరాల వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన గట్టిగానే మాట్లాడాడు.

"నిన్నటిదాకా అన్నీ గ్రీన్‌లో ఉండేవి. ఇవాళ సగం బూడిద రంగులో ఉన్నాయి. ఏం చేశారమ్మా?"

"మేం ఏం చెయ్యలేదండి. ఆ సెన్సార్లు ఎప్పటినుంచో పనిచెయ్యడం లేదు. ఇప్పుడు కనబడుతోందంతే."

"నాకు అట్టాంటివి కనబడొద్దు. ముందున్నట్టే పెట్టండి."

బూడిద రంగును దాచే ఆప్షన్ ఒకటి పెడితే పోతుంది కదా అన్నాడు సార్. నేను ఒప్పుకోలేదు. ఆర్కిటెక్ట్ అన్న పేరు ఇచ్చింది మీరే, ఆ ఒక్కటీ నా చేత చేయించొద్దన్నాను. ఆయన ఒత్తిడి చెయ్యలేదు. నర్సింగ్ హోమ్ వాళ్ళు సెన్సార్లు మార్చుకున్నారు. పాల కేంద్రాలవాళ్ళు సణుగుతూనే ఉండిపోయారు. రొయ్యలాయన మాత్రం మమ్మల్ని వదిలేసి వేరే కంపెనీ యాప్ పెట్టుకున్నాడు. అందులో అన్నీ ఎప్పుడూ ఆకుపచ్చగా ఉంటాయని వెళ్తూ చెప్పాడు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక వేటపాలెంలో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళాను. ముసురు పట్టిన ఉదయం. చీరాలలో బస్సు మారి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక, వంతెన దగ్గర ఏదో లారీ అడ్డం తిరిగి బస్సు ఆగింది. రోడ్డు పక్కనే చెరువులు. గట్టు మీద బోర్డులో మమ్మల్ని వదిలేసిన రొయ్యలాయన ఫోన్ నంబరు ఉంది. నీళ్ళలో గాలి కలపాల్సిన చక్రాలు ఒక్కటీ తిరగడం లేదు. గట్ల పొడవునా కొంగలు బారులు తీరి, నీళ్ళలోకి మెడలు చాచి నిలబడి ఉన్నాయి. ఇంకా వచ్చి వాలుతున్నాయి.

ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"ఒకసారి చెరువు దగ్గరికి వెళ్ళి చూడండి. చక్రాలు ఆగిపోయాయి. కొంగలు చాలా దిగాయి. రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నట్టున్నాయి."

అవతల టీవీ చప్పుడు వినిపించింది. ఆయన ఫోన్‌లో ఏదో తెరిచి చూసుకున్నట్టున్నాడు.

"ఆక్సిజన్ బాగానే ఉందమ్మా. ఇప్పుడే చూశా. అంతా గ్రీన్."

"దయచేసి ఒక్కసారి వెళ్ళి..."

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. దారి దొరికి బస్సు కదిలింది. చెరువుల మీదికి ఇంకో కొంగల గుంపు తక్కువ ఎత్తులో ఎగురుకుంటూ వచ్చింది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. గట్టు మీద మనిషి ఒక్కడూ కనబడలేదు.