కొబ్బరిచెట్టు మొదట్లో పోసిన నల్లబూడిద

మా చిన్నప్పుడు... అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో... వానాకాలం వస్తే కాలువ పొంగి అమలాపురంలోని మా పెరట్లోకి వచ్చేది. నీళ్ళు తీశాక మెత్తటి ఒండ్రు మిగిలేది... ఎండలో తళుకుతళుకుమనేది. నాయనమ్మ దాన్ని చేటతో ఎత్తి తోటకూర మడిలో వేసేది. ఎక్కడెక్కడి కొండల్నో అరగదీసి గోదావరి మనకి తెచ్చిస్తోందనేది.

నాయనమ్మ అంతటితో ఆగినా బాగుండేది.

గోడ అవతల బ్యాటరీల షెడ్డు. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, చేపల వలలకి కట్టే గుళ్ళు పోసేవాడు ఒకాయన. మేం బాబాయిగారు అనేవాళ్ళం. మంచివాడే... అదే నా కడుపుమంట.

కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పూ బూడిదా వేయడం మా వైపు అలవాటు కదా. గ్యాసు వచ్చాక మా ఇంట్లో బూడిద కరువైంది. సీసం కరిగించే పొయ్యిలోది ఇమ్మని నాయనమ్మ గోడ మీంచి ఆయన్ని అడిగింది.

"అయ్యో, పట్టుకెళ్ళండి పిన్నిగారూ. ఎలాగూ పారబోసేదేనండి, ఆయ్."

తట్టలకొద్దీ వచ్చింది. చెట్టుకి పోయగా మిగిలింది మడి పక్క పల్లంలో పోసి మెరక చేసింది. ఆ మడిలో ఆకుకూరే తిన్నాం. ఆ మెరక మీదే మా తమ్ముడు పాకాడు... ఆ మట్టే తిన్నాడు.

తర్వాత వాడికి ఎప్పుడూ కడుపునొప్పి. మొహం పాలిపోయి ఉండేది. బళ్ళో మొద్దు అని కొట్టేవారు. ఇంట్లో దిష్టి తీసేవారు. రక్తం పరీక్ష చేయించమని ఒక్కరూ అనలేదు. ఆ బూడిదవల్లే అని ఇప్పుడు నేను రుజువు చేయలేను. కాదని ఎవరైనా చేయగలరా?

నేనిప్పుడు బ్యాటరీల షాపులోనే పనిచేస్తున్నాను. సీసం విషమని, పిల్లలకి దూరంగా పెట్టమని ప్రతి బ్యాటరీ మీదా రాసుంటుంది. ఆ ముక్క చదివాకే మిగతాదంతా నాకు నేనే వెతుక్కుని చదివాను.

పోయిన నెల మా పెరట్లో ఆ మెరక మీదే గదికి పునాది తవ్వించాం. ఆ మట్టి అంగన్‌వాడీ ముందు పల్లంలో పోస్తానని ట్రాక్టరాయన తొట్టె నింపేశాడు. పిల్లలుండే చోట వద్దన్నాను.

"మట్టికి రోగాలేంటమ్మా... ఇంత నల్లటి మట్టి ఎక్కడ దొరుకుద్ది?" అని నవ్వాడు.

తమ్ముడు ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. వచ్చి, ట్రాక్టరు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"దింపెయ్యండి. అది నేను తిన్న మట్టండి."

ఆ కుప్ప ఇప్పటికీ మా పెరట్లోనే టార్పాలిన్ కింద ఉంది. ఏం చేయాలని ఎవర్ని అడిగినా ఒకటే మాట... కాలువలో పారబోయమంటున్నారు! మళ్ళీ వానాకాలం ఎవరి మడిలోకి పోవాలి అది?

ఒకప్పుడు ఆ కాలువ ఒండ్రు కళ్ళకద్దుకుని మడిలో వేసుకునేవాళ్ళం... ఇప్పుడు అందులో ఎవరేం పారబోశారోనని ముట్టుకోవాలంటే భయం. మీ పెరడు ఏ మట్టితో మెరక చేశారో మీ పెద్దవాళ్ళని అడిగారా ఎప్పుడైనా? అడిగి, కింద రాయండి.